ఏడో నంబరు అట్ట

సోమవారం పొద్దున ఏడో నంబరు అట్ట విప్పి చూడగానే సూదక్క చేతిలో పెన్ను పక్కన పెట్టేసింది.

మ్యూజియం వెనక భాగంలో, కిటికీలు లేని పొడవాటి గదిలో, పాత బట్టలూ తివాచీలూ దాచిపెడతారు. ఆ గదిలో అక్కడక్కడా పన్నెండు అట్ట గూళ్లు వేలాడుతుంటాయి. లోపల జిగురు, జిగురు మధ్యలో ఒక ఎర బిళ్ళ. ఉన్నిబట్టలను పట్టే రెక్కల పురుగు చిమ్మట; ఆ బిళ్ళకు ఆడ చిమ్మట వాసన పట్టించి ఉంటుంది. మనిషి ముక్కుకు అది అందదు. మగ చిమ్మట మాత్రం గది అవతలి కొసన ఉన్నా పసిగట్టి, వచ్చి జిగురులో అంటుకుపోతుంది. ప్రతి సోమవారం ఆ అట్టలు విప్పి చూడటం, రిజిస్టరులో ‘ఏమీ లేదు’ అని రాయడం సూదక్క పని. పదకొండేళ్లుగా అదే మాట రాస్తోంది. చిరిగిన పాత బట్టలను కంటికి కనబడని కుట్టుతో నిలబెడుతుంది కనుక అందరూ ఆమెను సూదక్క అంటారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా వినిపించదు.

ఆ రోజు అట్ట మీద రెండు ఉన్నాయి.

భూతద్దం తీసింది. మోచేతిని బల్లకు ఆనించుకుంది. క్యాంటీన్ పిండి డబ్బాల్లోంచి వచ్చే పురుగయితే బాగుండునని ఆశ. అది కాస్త పెద్దది. రెక్కల మీద ముదురు పట్టీ ఉంటుంది, దీపం కనబడితే చాలు, దాని చుట్టూ గిరికీలు కొడుతుంది. ఇవి అలా లేవు. వడ్లగింజంత ఉన్నాయి. ఎండుగడ్డి రంగు రెక్కల మీద ఒక్క మచ్చ లేదు. తల మీద రాగిరంగు నూగు దువ్వని జుట్టులా రేగి ఉంది. ఉన్నిని పట్టే జాతి. నిజానికి ఈ రెక్కలవి ఏమీ తినవు, తినేది వీటి పిల్లలు. ఇవి రెండు బయటపడ్డాయంటే, ఎక్కడో చీకట్లో వీటి తోబుట్టువులు ఇంకా నములుతున్నాయన్నమాట.

అంతకంటే ఎక్కువగా ఆమెను భయపెట్టింది ఆ అట్ట వేలాడుతున్న చోటు. దాని పక్కనే పెద్ద తివాచీ ఉంది. ఆ మ్యూజియానికి ప్రాణం లాంటిది. తాతల తాతలు పుట్టకముందు ఎర్రటి ఉన్నితో నేసింది, విప్పితే ఒక పెద్ద గది నిండుతుంది. దాన్ని పొడవాటి కొయ్యకు చుట్టి, పైన తెల్లబట్ట కప్పి, అర మీద పడుకోబెట్టారు. కొయ్య కొస జానెడు బయటికి పొడుచుకుని ఉంటుంది. మొన్నటి చలికాలమంతా సూదక్క తన స్వెటర్ తగిలించింది ఆ కొసకే.

సొంత ఉన్నిబట్టలు ఏవైనా గది బయటి మేకులకే తగిలించాలి. లోపలికి తేవాలంటే ముందు ఫ్రీజర్‌లో పెట్టి పురుగు చంపాలి. ఆ నియమం పెద్ద అక్షరాలతో రాసి తలుపుకు అంటించింది ఆమే. మరిచిపోయి మఫ్లర్‌తో లోపలికొచ్చిన వాళ్లను గుమ్మంలోనే నిలబెట్టి చీవాట్లు పెట్టేదీ ఆమే. కానీ ఆ స్వెటర్ ఆమెది కాదు, పోయిన భర్తది. బయట నలుగురూ తిరిగే దారిలో మేకుకు వదిలేసి రావడానికి ఆమెకు చేతులు రాలేదు.

ఆ విభాగం చూసే పెద్దసారు వచ్చాడు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని అట్టను ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తాడు.

“రెండా? అయితే కాపురం పెట్టేశాయన్నమాట,” అన్నాడు.

ఇంకెప్పుడైనా అయితే సూదక్క నవ్వేది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, టార్చిలైటు వేసి, అరల కింద నేలంతా అంగుళం అంగుళం వెతికాడు. నేల పగుల్లో బియ్యపుగింజంత గొట్టం ఒకటి దొరికింది. పురుగు తన చుట్టూ తానే అల్లుకునే పట్టు గొట్టం, ఖాళీది. పటకారుతో తీసి తెల్లకాగితం మీద పెట్టాడు. గొట్టానికి నీలం రంగు నూగు అంటుకుని ఉంది. ఏ రంగు ఉన్ని తింటే ఆ రంగు నూగే దాని ఒంటికి కట్టుకుంటుంది ఆ పురుగు. సన్నటి ఇసుకలాంటి దాని రెట్ట కూడా ఆ రంగులోనే ఉంటుంది.

“ఈ నీలం మన గదిలో ఎక్కడా లేదే,” అన్నాడు పెద్దసారు నెమ్మదిగా. “మనవన్నీ ఆకులతో, చెట్టువేళ్లతో వేసిన రంగులు. ఇది ఫ్యాక్టరీ నీలం. ఎవరింట్లోనో బోంచేసి వచ్చింది.”

సూదక్క కాగితం వంక చూసి, దాన్ని మడిచి పొట్లం కట్టింది.

ఏం చెయ్యాలో ఆయనే చెప్పాడు. శుక్రవారంలోగా పనివాళ్లందరూ ఎవరిళ్లలో వాళ్లు బీరువాలు, పెట్టెలు వెతికి చూడాలి. ఇక్కడ తలుపు దగ్గర నుంచి మొదలుపెట్టి రోజుకొక చుట్ట విప్పాలి. మొత్తం నలభై ఉన్నాయి. పెద్ద తివాచీని ఆఖరున విప్పుదామన్నాడు. దాని దారాలు ఎండి పెళుసెక్కాయి, విప్పిన ప్రతిసారీ ఎక్కడో ఒకచోట తెగుతాయి. ఏడో నంబరు దాని పక్కనే ఉంది కదా అని ఎవరో అడిగితే, మగది వాసన పట్టుకుని ఎంత దూరమైనా వస్తుంది, పురుగు గదిలో ఉందని అట్ట చెబుతుంది గానీ ఏ మూలన ఉందో చెప్పదు అన్నాడు. ఆ మాట నిజమే. దాని వంతు రావడానికి నెలన్నర పడుతుంది. అప్పటికి లోపల ఏం మిగులుతుందో సూదక్క ఊహించగలదు. ఊహించకుండా ఉండటానికే ప్రయత్నించింది.

మధ్యాహ్నం బాత్రూమ్‌లో గడియ పెట్టుకుని, పనికోటు కింద ఎవరి కంటా పడకుండా వేసుకున్న స్వెటర్ విప్పి, కిటికీ వెలుతురుకు పట్టి చూసింది. బూడిదరంగు స్వెటర్. చంకల దగ్గర, మెడపట్టీ దగ్గర, చెమట పట్టే చోటల్లా చూసింది, చిమ్మట మొదట ఆశపడేది అక్కడే. ఒక్క కన్నం లేదు. నీలం అసలే లేదు. నా వల్ల కాదు అనుకుంది. ఆ మాట నమ్మినట్టే నమ్మి, స్వెటర్ మళ్లీ తొడుక్కుని, తిరిగి లోపలికి వెళ్లి, పన్నెండు అట్టల్లోనూ పాత బిళ్ళలు తీసి కొత్తవి పెట్టింది. బిళ్ళ వాసన అంటకుండా గ్లోవ్స్ తొడుక్కోవాలి; తొడుక్కోలేదన్న సంగతి పన్నెండోది పెట్టేదాకా ఆమెకు తట్టలేదు. సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుంది. స్వెటర్ అంచు సంగతి మరిచిపోయింది.

ఇంటికి చేరేసరికి సాయంత్రం ఆరు. ఇంకా వెలుతురుంది. ఇంట్లో ఉండేది ఇద్దరే, ఆమె, అత్తగారు. అత్తగారు వంటగది గడప దగ్గర పీట వేసుకుని కూరగాయలు తరుగుతోంది. సూదక్క ఎదురుగా కూర్చుని ఒక చెయ్యి వేసింది. పావుగంట గడిచిందో లేదో, ముంజేతి మీద ఏదో పాకినట్టయింది.

చూసింది. ఎండుగడ్డి రంగు చుక్క ఒకటి. ఎగరలేదు, పరుగెత్తింది. స్వెటర్ అంచు మీద గుండ్రంగా తిరిగి, రెక్కలు టపటపలాడించి, మళ్లీ పరుగెత్తింది. నేల మీద ఇంకొకటి వస్తోంది. గోడవార నుంచి మూడోది.

“ఏంటే అవి? చేతికి తేనేమైనా పూసుకొచ్చావా?” అంది అత్తగారు.

సూదక్కకు మధ్యాహ్నం మార్చిన బిళ్ళలు గుర్తొచ్చాయి. వాసన ఒంటి మీద మోసుకొచ్చింది తనే. కానీ వాసన పురుగును పుట్టించదు, ఉన్నదాన్ని పిలుస్తుంది, అంతే. ఇన్నాళ్లూ ఈ ఇంట్లో ఒక్క చిమ్మట కనబడలేదు. వెలుతురంటే పడదు వాటికి, మనిషి కంట పడకుండా బతుకుతాయి. ఇప్పుడు పిలిస్తే వచ్చాయి. ఎన్నున్నాయో, ఎప్పటి నుంచి ఉన్నాయో.

ఈ ఇంట్లో ఉన్నిబట్ట అంటే ఆమెకు గుర్తొచ్చింది ఒక్కటే, అత్తగారి ట్రంకుపెట్టెలో ఉన్న కోటు. కొడుకు ఉద్యోగంలో చేరినప్పుడు ఆవిడ దగ్గరుండి కుట్టించింది. కొడుకు పోయినప్పటి నుంచి, ఏడాదిన్నరగా, దాన్ని ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు.

“అత్తయ్యా, పెట్టె ఒకసారి తెరవాలి,” అంది.

అత్తగారి చేతిలో కత్తి ఆగింది. “ఎందుకు?”

చెప్పింది.  ఆవిడ లేచి, చీరకొంగుకు చేతులు తుడుచుకుని, ముందు నడిచింది. పెట్టె మూత లేపుతున్నప్పుడు సూదక్క కళ్లు మూసుకోకుండా ఉండటానికి పళ్లు బిగించింది. లోపల ఏం ఉంటుందో ఆమెకు తెలుసు, అలాంటివి ఎన్నో చూసింది. పట్టుకుంటే పొడిగా రాలే భుజాలు, సాలెగూడులా మిగిలే మెడపట్టీ. అది ఈవిడ చూడకూడదు. కానీ మూత అప్పటికే లేచింది.

కోటు నల్లగా నిగనిగలాడుతోంది. సూదక్క మడతలు విప్పింది, జేబులు తిరగేసింది, మెడపట్టీ ఎత్తి చూసింది. దుమ్ము లేదు, దారప్పోగు లేదు, కన్నం లేదు. ఇన్నాళ్లు మూసి ఉన్న పెట్టెలో ఇలా ఉండటానికి వీల్లేదు.

“మూసి ఎందుకుంటుంది?” అంది అత్తగారు, కొంచెం సిగ్గుపడుతూ. “నువ్వు పనికెళ్లాక రోజూ తీస్తాను. ఎండలో వేస్తాను, బ్రష్షు కొడతాను. జేబులు దులుపుతాను. వాడికి జేబుల్లో చెత్త పోగేసే అలవాటుండేది కదా.” కోటు మడతలు సవరిస్తూ, “అప్పుడప్పుడు వేసుకుంటాను కూడా. నవ్వకు,” అంది.

సూదక్క నవ్వలేదు. కదిపే బట్టను చిమ్మట దరిచేరదు. దానికి కావలసింది చీకటి, నిశ్శబ్దం, ఎవరూ ముట్టుకోని మూల. అలాంటి మూల ఈ ఇంట్లో ఎక్కడుందో ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. 

భర్త పోయిన నాలుగోరోజున ఆమె ఆయన ఉన్నిబట్టలన్నీ ఒక గుడ్డసంచిలో కుక్కింది. మఫ్లర్, టోపీ, గ్లోవ్స్, మేజోళ్లు. ఉతకలేదు, ఉతికితే ఆయన వాసన పోతుందని. నాలుగు కలరా ఉండలు వేసి, మూతి బిగించి ముడేసి, తన గదిలో బీరువా వెనక్కి తోసేసింది. అత్తగారు అడిగితే ఎవరికో ఇచ్చేశానంది. స్వెటర్ ఒక్కటే ఉంచుకుంది. రోజూ ఇంటికొచ్చి దాన్ని బీరువా పక్క మేకుకు తగిలించేది, ఆ సంచికి సరిగ్గా పైన. సంచి మూతి మాత్రం మళ్లీ విప్పలేదు. మ్యూజియంలో ప్రతి మడతా విప్పి చూసే మనిషి, తన ఇంట్లో ఒక సంచి తెరవడానికి భయపడి, అసలు అది లేనట్టే బతికింది.

బీరువా జరిపింది. సంచి తేలిగ్గా ఉంది, ఉండాల్సిన దానికన్నా చాలా తేలిగ్గా. గుడ్డకు రెండుచోట్ల సన్నని కన్నాలు. ముడి విప్పింది. కలరా ఉండలు ఎప్పుడో ఆవిరైపోయాయి. చెయ్యి పెట్టి మఫ్లర్ అందుకుంది. అది పైకి రాలేదు. బూజులా సాగి, మధ్యకు తెగి, వేళ్ల సందుల్లోంచి నీలం ఇసుక జలజలా రాలింది. ఆ ఇసుకలో తెల్లగా ఏవో కదులుతున్నాయి.

ఫ్యాక్టరీ నీలం.

వెనక అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది.

“ఇచ్చేశానన్నావు,” అంది.

“అన్నాను.”

“నాకివ్వడానికి మనసు రాక నా కొడుకు మఫ్లర్ పురుగులకు పెట్టావా?”

 ఆవిడ గడప దాటకుండానే వంగి, అక్కడిదాకా చెదిరిన నీలం ఇసుకను వేలితో తాకి, ఆ వేలివంకే చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది సూదక్కకు. సంచిని అలాగే పాలిథిన్ కవర్లో పెట్టి మూతికి టేపు వేస్తూ, తక్కువ మాటల్లో అంతా చెప్పింది. స్వెటర్ మడతలోకి ఏ పురుగో ఎక్కి తనతో వచ్చింది, కొయ్య కొస మీద దిగింది, అక్కడి నుంచి తివాచీలోకి దూరి ఉంటుంది. ఎక్కడైనా ఒక్కటి మిగిలినా మళ్లీ మొదలే. తివాచీ వంతు వచ్చేది నెలన్నరకు.

“నువ్వు చెప్తే ఏమవుతుంది?” అనడిగింది అత్తగారు.

“ఉద్యోగం పోవచ్చు.”

“చెప్పకపోతే?”

“తివాచీ పోతుంది.”

“అది నీకు అమ్మా, అత్తా? ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లం, పనిచేసేదానివి నువ్వొక్కదానివి. నోరు మూసుకుని కూర్చో. వాళ్ల వస్తువు వాళ్లు చూసుకుంటారు.”

ఆవిడ అన్నదాంట్లో తప్పు పట్టడానికేమీ కనబడలేదు. వయసు మీద పడ్డ మనిషి, మందులున్నాయి. ఆ భయం సూదక్కకూ ఉంది. రాత్రి దీపం ఆర్పింది. కళ్లు మూసుకుంటే తెల్లబట్ట కింద, చుట్ట లోపల, ఎర్రటి ఇసుక రాలుతున్నట్టే అనిపించింది. విప్పితే ఏం కనబడుతుందో అన్న భయంతో ఒక సంచిని పోగొట్టుకుంది. ఆ భయంతోనే ఇంకొకటి పోగొట్టడం తన చేతుల్లోనే ఉంది.

పొద్దున్నే స్వెటర్‌ను రెండు కవర్లలో పెట్టి మూతి అంటించి తీసుకెళ్లింది. ఒంటి మీద నూలు బట్టలే వేసుకుంది. చలికి పళ్లు టకటకమన్నాయి, చలికే అనుకుందామంటే బయట ఎండ కాస్తోంది. పెద్దసారు గదిలో కుర్చీ ఉన్నా కూర్చోలేదు.

“తివాచీ కొయ్యకి స్వెటర్ తగిలించింది నేనే సార్. ఆ నీలం మా ఇంటిది.”

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “ఎన్నాళ్లు?”

“చలికాలమంతా.”

“ఎందుకమ్మా?”

“చలేసింది.”

“ఆ గదిలో పద్దెనిమిది డిగ్రీలకు తగ్గదు కదా.”

“నాకు చలేసింది సార్.”

ఆయన కవర్ వంక చూశాడు. లోపలిది ఎవరి స్వెటరో ఆయనకు తెలిసే ఉంటుంది, ఆ మనిషి పోయినప్పుడు వచ్చి వెళ్లినవాళ్లలో ఆయనా ఉన్నాడు.  ఫోన్ తీసి ఎనిమిదిమందిని పిలిపించాడు. కవర్ మీద ఆనాటి తేదీ రాసి, సంఖ్య వేసి, అన్ని వస్తువులతో పాటు ఫ్రీజర్‌లో పెట్టించాడు.

తివాచీని హాల్లో పరిచిన తెల్లబట్ట మీదికి దించారు. ఎనిమిదిమంది వరసగా మోకాళ్ల మీద కూర్చుని, ఒకే ఊపిరిగా, అంగుళం చొప్పున దొర్లించసాగారు. సూదక్కను పక్కన నిలబడమన్నారు. ముట్టుకోవడానికి వీల్లేదు. ఎప్పుడూ ఆ వరసలో మధ్యన కూర్చునేది ఆమే.

మొదటి చుట్టులో ఎర్రటి నేత మీద అరచేయంత మేర ఉన్ని లేదు. అడుగు దారాలు నెరిసిన వెంట్రుకల్లా కనబడుతున్నాయి. పక్కనే ఎర్రని ఇసుక. ఎవరో నాలుక చప్పరించారు. రెండో చుట్టులో ఇంకో మచ్చ, మొదటిదాని కన్నా చిన్నది. మూడో చుట్టులో మచ్చ లేదు గానీ పురుగు ఉంది, బతికున్నది, వెలుతురు తగలగానే ముడుచుకుంది. పెద్దసారు పటకారుతో తీశాడు. ఎక్కడో ఒక దారం పుటుక్కున తెగింది. ఆ చప్పుడుకు సూదక్క ఒక అడుగు ముందుకేసి ఆగిపోయింది.

“ఇక ఆపుదామా సార్?” అన్నారెవరో.

“సగంలో ఆపి ఏం తెలుసుకుంటాం? కానివ్వండి.”

నాలుగో చుట్టు. అయిదోది. తోట, తోటలో నీళ్లకాలువ, కాలువలో చేపలు, ఒక్కొక్కటే వెలుతురులోకి వచ్చాయి. ఏమీ లేదు. ఆరోది, ఏడోది. ప్రతి చుట్టుకూ ఆమె ఇదిగో ఇక్కడే అనుకుంది. ఆఖరి చుట్టు విడిపోయి కొయ్య బయటపడేసరికి మధ్యాహ్నం దాటింది. మూడోదాని తర్వాత ఎక్కడా ఏమీ లేదు. పెద్దసారు నిలబడటానికి మోకాలు సహకరించక, నేల మీదే కూలబడి నడుం పట్టుకున్నాడు.

“ఇంకో నెలన్నర అయితే చేపలు కూడా ఉండేవి కావు,” అన్నాడు, ఎవరితోనూ కాదన్నట్టు.

తివాచీని పాలిథిన్‌లో గాలి చొరకుండా చుట్టి పొడవాటి ఫ్రీజర్‌లోకి తోశారు. రెండువారాలు అందులో ఉంటుంది. తీశాక కూడా ఒకరోజంతా కవర్ విప్పకూడదు, చెమ్మ పడుతుంది. ఆ సంగతి కొత్తవాళ్లకు చెప్పడం ఆమె పని. ఆ రోజు పెద్దసారే చెప్పాడు.

తర్వాత ఆమెను పిలిచి, పైవాళ్లకు రాయాలి అన్నాడు. ఎలా రాయమంటావని అడిగాడు. జరిగింది జరిగినట్టు రాయమంది. ఆయన రాశాడు, ఆమె చదివి సంతకం పెట్టింది. జవాబు వచ్చేదాకా ఆ గది తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది. ఆమె తాళంచెవి బల్ల మీద పెట్టి వచ్చేసింది.

ఇంటికొచ్చేసరికి అత్తగారు గుమ్మంలోనే ఉంది. చెప్పిందని మొహం చూడగానే తెలిసిపోయినట్టుంది.

“తివాచీ?”

“నిలబడింది. రెండుచోట్ల పోయింది.”

“మరి నువ్వు?”

“తెలీదు అత్తయ్యా. పదిహేనురోజుల్లో చెప్తారట.”  

అత్తగారు కొంగు నడుముకు దోపింది. లోపలికి వెళ్లి చీపురు, పాత దువ్వెన ఒకటి తీసుకుని సూదక్క గదిలోకి నడిచింది. కొడుకు పోయాక ఆ గదిలో ఆవిడ అడుగు పెట్టడం అదే మొదలు. గోడ పగుళ్లను, నేల అంచులను కళ్లు చిట్లించి చూసింది.

“ఒక్కటి మిగిలినా మళ్లీ మొదలేనన్నావుగా,” అంది. “మంచం ఆ కొస పట్టుకో.”